నూరువరహాల కుండీలో మామిడి పొగ

మా ఇంట్లో నా మాటకి తరుగు తీస్తారు. పదిమంది వస్తున్నారని నేను చెబితే మా ఆయన ఐదుగురికే టీ పెట్టిస్తాడు. మా అమ్మాయి ఇంకా గడుసుది, మూడు గ్లాసులే కడుగుతుంది. చిన్నప్పటి నుంచీ నా తీరు అంతే. జరిగినదాన్ని జరిగినట్టు చెబితే వినేవాళ్లకి అన్యాయం చేస్తున్నట్టు ఉంటుంది నాకు. అయితే ఇది నా కోత వల్ల ఒక కుర్రాడికి దెబ్బ తగిలిన సంగతి కనుక, ఎక్కడెక్కడ కోశానో నేనే చెప్పేస్తాను. రాసుకోమని అతనే అన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు. సంబంధాలు చూస్తున్నారట.

వారానికి మూడు రోజులు నేను రాజమండ్రిలో ఒక చిన్న ఆసుపత్రి మేడ మీద గదిలో కూర్చుని, పొగ మానాలనుకునే కుర్రకారుతో మాట్లాడతాను. అంతకుముందు ఇరవై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. నలభై దాటాక కౌన్సెలింగ్ కోర్సు చేశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చుట్టలవాళ్లు లేరు, సిగరెట్లవాళ్లు తక్కువ. ఎక్కువగా వేపులవాళ్లు, అంటే ఈ-సిగరెట్లవాళ్లు. పెన్నులా ఉంటుంది, పెదవుల మధ్య పెట్టి పీలిస్తే పళ్ల వాసనతో తెల్లటి ఆవిరి వస్తుంది. అమ్మకూడదని చట్టం ఉంది. కుర్రాళ్ల జేబుల్లో అదీ ఉంది.

పొగ సంగతి నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మాది గోదావరి లంకలో పొగాకు పండించిన ఇల్లు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఓ ఏడాది వరదకి ఊళ్లో అగ్గిపెట్టెలన్నీ తడిసిపోతే, ఆవిడ వీధరుగు మీద కూర్చుని నోరు తెరిచిందనీ, ఆడవాళ్లందరూ పిడకలు పట్టుకుని వరసలో నిలబడి ఆ నోట్లోంచి నిప్పు పట్టుకెళ్లారనీ నేను చాలామందికి చెప్పాను. వరసని కొట్టేయండి. నిప్పూ నోరూ నిజం.

నేను చుట్ట జోలికి పోలేదు కానీ పొడుం పీల్చేదాన్ని. ముక్కుపొడి. బడిలో పీరియడుకీ పీరియడుకీ మధ్య, బోర్డు వైపు తిరిగి తుడుస్తున్నట్టు నటిస్తూ పదిహేనేళ్లు పీల్చాను. నా తుమ్ములు సుద్దముక్క పొడి వల్లేనని హెడ్మాస్టరు గారు నా మీద జాలిపడి, కిటికీ ఉన్న క్లాసు ఇప్పించారు. తర్వాత మానేశాను. ఎలా మానేశానన్నదే ఈ కథలో చిక్కు.

కిందటేడు ఓ పొద్దున్న ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. ముందు ఏడు నెలలు నిండిన కడుపుతో ఓ అమ్మాయి, ఆయాసపడుతూ. వెనకాల ఆవిడ తమ్ముడు, ఇరవై రెండేళ్లవాడు, చెప్పులు గది బయట ఎంత చక్కగా సర్దాలో అంత చక్కగా సర్దుతూ లోపలికి రావడం ఆలస్యం చేస్తున్నాడు. చివర తల్లి. కడియం దగ్గర వాళ్లకి నర్సరీ ఉంది. కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది.

"ఏంటమ్మా సంగతి" అన్నాను.

"మావాడు ఆవిరి పడుతున్నాడండి" అంది తల్లి.

"ఆవిరి కాదే అమ్మా. వేపు అంటారు దాన్ని" అంది కూతురు.

"నాకేం తెలుసండి. జలుబు మిషననుకున్నాను. లైటు ఎర్రగా వెలిగినప్పుడల్లా నేనే ఛార్జింగ్ పెట్టేదాన్ని. మామిడిపండు వాసనొస్తుంటే, పోనీలే మందు మంచిదే దొరికింది అనుకున్నానండి."

నాకు నవ్వు ఆపుకోవడానికి లోపలి బుగ్గ కొరుక్కోవాల్సి వచ్చింది. కుర్రాడు నేల చూస్తున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

అక్క అసలు మాట తీసింది. "మా ఇంట్లో ఆడపిల్లకి పుట్టిన మొదటి బిడ్డని మేనమామే ఎత్తుకొచ్చి ఉయ్యాల్లో వేయాలండి. మా అమ్మని వాళ్ల మావయ్య వేశాడు, నన్ను మా మావయ్య వేశాడు. వీడు ఇది మానకపోతే నా బిడ్డని వీడి చేతికివ్వను. మా మరిది ఉన్నాడు, అతను వేస్తాడు."

అప్పుడు మొదటిసారి కుర్రాడు నోరు విప్పాడు. "మరిది మేనమామ ఎలా అవుతాడే అక్కా."

"మామిడి పొగ కన్నా బాబాయి నయం రా."

నేను వాళ్లిద్దర్నీ కింద క్యాంటీనుకి పంపించి అతన్ని కూర్చోబెట్టాను. హాస్టల్లో మొదలెట్టాడట. సిగరెట్టు కాదు కదా, ఆవిరే కదా అనుకున్నాడట. చదువు అయ్యాక నర్సరీకి వచ్చేశాడు. అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల అతని చెయ్యి పేరున్న చెయ్యి. ఇప్పుడు పొద్దున్నే పళ్లు తోముకోకముందే దిండు కింద తడుముకుంటున్నాడు.

"అది దగ్గర లేకపోతే చెయ్యి వణుకుతోందండి. మొన్న బ్లేడు జారింది" అని బొటనవేలు చూపించాడు. "అక్క అన్నదని కాదండి. నాకూ ఎత్తుకోవాలనుంది."

"మా నాయనమ్మ చుట్టలో ఉన్న సరుకే ఇందులోనూ ఉంది నాయనా" అన్నాను. "నికోటిన్. అది మామిడి చొక్కా తొడుక్కుని వచ్చింది. కొత్తపల్లి కొబ్బరి మామిడి పండే చోట పుట్టి, ఎవరో ఫ్యాక్టరీలో చేసిన మామిడికి మోసపోయావు."

నవ్వాడు. నవ్వితే పని సగం అయినట్టే అని నా నమ్మకం. అప్పుడే అడిగాడు: "మీరెలా మానేశారండి పొడుం?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ కథ నాకు మరీ ఇష్టం.

"కోటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటుతున్నాను" అని మొదలెట్టాను. "నడి గోదావరిలో విసుగొచ్చి పొడుం డబ్బా తీసి నీళ్లలోకి విసిరేశాను. ఓ పులస చేప చటుక్కున మింగేసింది. మింగి ఓ తుమ్ము తుమ్మిందయ్యా, పంటు పంటంతా అటు ఒరిగిపోయింది. పంటు నడిపే సరంగు గారు నా వంక చూసి, 'ఇంకోసారి తెస్తే ఎక్కించుకోనండి' అన్నారు. అంతే. ఆ రోజుతో సరి. మళ్లీ ముట్టుకోలేదు."

కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నేను మామూలుగా చెప్పేవన్నీ చెప్పాను. ఎప్పుడెప్పుడు మనసు లాగుతుందో గమనించమన్నాను. లాగినప్పుడు పది నిమిషాలు ఆగి నీళ్లు తాగమన్నాను. కింద డాక్టరు గారు నమలడానికి నికోటిన్ గమ్ము రాసిచ్చారు. వచ్చే వారం రమ్మన్నాను.

రాలేదు. పై వారమూ రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. మూడో వారం వాళ్లక్క ఫోను చేసింది.

"మేడమ్ గారూ, మీరు ఒక్క రోజులో మానేశారంట కదండి."

"ఎవరన్నారమ్మా?" అన్నాను.

"వాడే. మేడమ్ గారు ఒక్క విసురుతో మానేశారు, నా వల్ల మూడు రోజులు కూడా కాలేదు, నేనింక పనికిరాను, మరిదినే పిలుచుకో అంటున్నాడండి. మీ దగ్గరికి రావడానికి మొహం చెల్లట్లేదంట."

చేప తుమ్మిందంటే నమ్మలేదు, పంటు ఒరిగిందంటే నమ్మలేదు. 'ఆ రోజుతో సరి' అన్న ముక్క మాత్రం నమ్మేశాడు. ఇన్నేళ్ల నా కోతల్లో ఎవరూ నమ్మకూడని ముక్క అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. కాలవ గట్టు మీద దిగితే అటూ ఇటూ నర్సరీలే. వాళ్ల నర్సరీలో షేడ్ నెట్ కింద చిన్న పీట మీద కూర్చుని మామిడి అంట్లు కడుతున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు.

"కూర్చోండి మేడమ్ గారూ. టీ చెప్తాను."

"టీ తర్వాత. ఏం జరిగిందో చెప్పు."

చెప్పాడు. ఇందులో నా కోత ఏమీ లేదు. అవసరం రాలేదు.

నా దగ్గర నుంచి వెళ్లిన రోజే వేపుని పారేద్దామని కాలవ దాకా వెళ్లాడట. చెయ్యి రాలేదు. వాళ్లింట్లో ఏదైనా వదిలించుకోవాలంటే పారేసే అలవాటు లేదు, మట్టిలో పెట్టే అలవాటే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వరసలో ఉన్న నూరువరహాల కుండీల్లో ఒకదాంట్లో పాతిపెట్టాడు. ఏ కుండీయో గుర్తు పెట్టుకోకూడదని కళ్లు మూసుకుని పెట్టాడు. ఒక రోజు గడిచింది. రెండో రోజు తలనొప్పి, అందరి మీదా చిరాకు. మూడో రోజు మధ్యాహ్నం భోంచేసి వచ్చి, ఒక్కసారి చూసి మళ్లీ పెట్టేద్దామని వరస దగ్గరికి వెళ్లాడు. వరస లేదు. అతను భోజనానికి వెళ్లినప్పుడే కుండీలన్నీ లోడింగు అయిపోయి లారీ హైదరాబాదు బయల్దేరింది.

"అప్పుడేం చేశావు?"

"బండి తీశానండి."

"హైదరాబాదుకా?"

"డ్రైవరన్న రావులపాలెంలో ఆగుతాడండి. అరటి మార్కెట్టు పక్కన హోటల్లో తింటాడు. పట్టుకున్నాను."

లారీ ఎక్కాడు. ఒక్కో కుండీలో వేలు పెట్టి గుచ్చి చూసుకుంటూ వెళ్లాడు. చెయ్యి కడుక్కుని వచ్చిన డ్రైవరు కింద నిలబడి చూశాడట.

"ఏం చేత్తున్నావురా అక్కడ?"

"వేరుపురుగు ఉందేమోనని చూత్తన్నానన్నా."

"ఆ మాత్రం పురుగుకి ఇంత దూరం వచ్చావా? మీ నాన్నకి లేని శ్రద్ధ నీకెక్కడిదిరా" అని డ్రైవరు మెచ్చుకుని, అతను కూడా ఎక్కి కుండీలు జరిపి సాయం చేశాడట. ఆ మెచ్చుకోలు చెబుతూ కుర్రాడు కట్టిన అంటునే విప్పి మళ్లీ కట్టాడు. అరవై కుండీలు దాటాక దొరికింది. లారీ వెళ్లిపోయాక అరటి గెలల గుట్టల వెనక నిలబడి, గోళ్ల నిండా మట్టితో దాన్ని తుడిచి పీల్చాడు. తల తిరిగేదాకా పీల్చాడు. పక్కనే గెలలు మోసే ఒకావిడ, "అబ్బాయ్, ఇక్కడెవరో మామిడిపళ్లు దించారా" అని అడిగిందట.

"నవ్వకండి మేడమ్ గారూ."

"నవ్వట్లేదు" అన్నాను. నవ్వడం లేదు కూడా. "నీకు చెప్పిన కథ సగమే. మిగతా సగం చెప్పడానికి వచ్చాను."

అతను బ్లేడు పక్కన పెట్టాడు.

"డబ్బా గోదావరిలోకి విసిరింది నిజం. చేప సంగతి వదిలెయ్. పంటు అవతలి ఒడ్డుకి చేరింది. దిగాను. రేవులో కిళ్లీ కొట్టుంది. ఇంకో డబ్బా కొనుక్కున్నాను."

"అదే రోజా అండి?"

"అదే రోజు. చీర అంచు ఇంకా ఆరలేదు."

కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. మొదలెట్టాక నాకూ ఆగాలనిపించలేదు. నిజం చెబుతుంటే కూడా ఇంత ఊపు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. "మొత్తం ఏడుసార్లు మానేశాను. ఓసారి నలభై రోజులు ఉండి, మా ఆడపడుచు పెళ్లిలో వియ్యంకుడు గారు డబ్బా తీస్తే చెయ్యి చాపాను. ఇంకోసారి స్టాఫ్ రూములో చెత్తబుట్టలో పారేసి, గంట కొట్టేలోపు అదే బుట్టలోంచి తీసుకున్నాను. అటెండరు చూస్తున్నాడు. 'చెవిపోగు పడింది' అన్నాను. పాపం అతను నాతో పాటు బుట్టంతా వెతికాడు. నీ డ్రైవరన్న లాగే."

అప్పుడు నవ్వాడు. మొదటి రోజు నవ్విన నవ్వు కాదు, ఊపిరి బయటికి వదిలినట్టు. తర్వాత పీట పక్కన వాడిపోయిన అంటు ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"ఇది పట్టలేదండి. పైన కట్టిన పుల్ల చచ్చిపోయింది. కింది మొక్క బతికే ఉంటుంది. కొంచెం కిందకి కోసి మళ్లీ కడతాం."

"ఎన్నిసార్లు కట్టొచ్చు?"

"కింద కాండం ఉన్నంతసేపు కట్టొచ్చండి" అన్నాడు. అని, తన మాట తనే విన్నట్టు ఆగాడు. నేనేమీ కలపలేదు. నా జన్మలో అంత బలవంతాన నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి లేదు.

వేపు తీసి నా చేతికిచ్చేశాడు. బ్యాగులో వేసుకున్నాను. మర్నాడు ఆసుపత్రిలో అప్పగించేదాకా అది అక్కడే ఉంది. ఆ సాయంత్రం కళ్లజోడు కోసం బ్యాగు వెతికిన మా ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇప్పుడిదా" అన్నాడు.

ఈసారి పద్ధతి అతనే పెట్టుకున్నాడు. నర్సరీలో మొక్కల పేర్లు రాసి గుచ్చే ప్లాస్టిక్ చీటీలు ఉంటాయి. ఖాళీ కుండీ ఒకటి మట్టితో నింపి పీట పక్కన పెట్టుకున్నాడు. మనసు లాగినప్పుడల్లా ఒక చీటీ మీద టైము రాసి గుచ్చేవాడు. దాటితే కింద 'పోయింది' అని రాసేవాడు. చెయ్యి ఊరుకోలేనప్పుడు ఇంకో అంటు కట్టేవాడు. ఎక్కువ చీటీలు భోజనం తర్వాత, లారీ లోడింగు అప్పుడు పడుతున్నాయని చూసుకుని, ఆ రెండు వేళల్లో గమ్ము దగ్గర పెట్టుకునేవాడు. వారం వారం ఆ చీటీలు రబ్బరు బ్యాండు వేసి తెచ్చి నా బల్ల మీద పోసేవాడు. ఆ కుండీ చూసి ఎవరో బెంగళూరు ఖాతాదారు, "ఇదేం మొక్కండి, లేబుళ్లు మాత్రమే పూస్తోంది" అని రేటు అడిగాడట. ఆ ఖాతాదారు అడిగింది ఒక కుండీకి. నేను మా ఇంట్లో వంద కుండీలకి ఆర్డరు ఇచ్చాడని చెప్పాను.

ఐదో వారం వచ్చేసరికి చీటీలు తగ్గి గుప్పెడు అయ్యాయి. అప్పుడు వాళ్లక్కకి పది రోజులు ముందే నొప్పులొచ్చాయి.

పొద్దున్న నుంచి ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాడు. తోడుకి వచ్చిన పాత హాస్టలు స్నేహితుడు జేబులోంచి తనది తీసి ఇచ్చాడు. మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగున్నారు" అన్నాడు. "నేను రెండు పీల్పులు పీల్చానండి."

"తర్వాత?"

"వాడికిచ్చేసి వాణ్ని ఇంటికి పొమ్మన్నాను. రాయడానికి నా దగ్గర చీటీ లేదండి, చేతి మీద రాసుకున్నాను. అక్కకి చెప్పాలాండి?"

"నన్నడిగితే నేను చెప్పను" అన్నాను. "కానీ నేనెలాంటిదాన్నో నీకు తెలుసు. చేపల చేత తుమ్మించేదాన్ని. నీ ఇష్టం."

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుకకి నన్నూ మా ఆయన్నీ పిలిచారు. నర్సరీ మధ్యలో ఇల్లు. నూరువరహాల పూలతో ఉయ్యాల కట్టారు. వంటింట్లోంచి బూరెల వాసన. అక్క బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మరిది కూడా కొత్త చొక్కా వేసుకుని ఓ పక్కన నిలబడ్డాడు, అవసరం పడితే అన్నట్టు. కుర్రాడు తలస్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చి అక్క ముందు నిలబడ్డాడు. చేతులు చాపలేదు.

"అక్కా, ఓ మాట. పాప పుట్టిన రోజు ఆసుపత్రి దగ్గర ఒకసారి పీల్చాను. రెండు పీల్పులు. ఆ తర్వాత లేదు."

తల్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మరిది చొక్కా సర్దుకున్నాడు. అక్క తమ్ముడి మొహం చూసింది. తర్వాత అతని చెయ్యి లాక్కుని, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏం వాసనే" అంది తల్లి.

"మట్టి" అంది అక్క. అని వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. "అంటే నీకూ దీనికీ ఇవాళ ఇరవై ఒక్క రోజులేనన్నమాట."

"అంతే అక్కా."

"అయితే దీని వయసు ఎవరడిగినా నువ్వే చెప్పాలి. ఒక్క రోజు కూడా తప్పకూడదు" అంది. అని బిడ్డని ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

చెయ్యి వణకలేదు. అంటు కట్టే చెయ్యి, పసిదాని మెడ కింద ఎక్కడ ఆనాలో దానికి తెలుసు. నాలుగడుగులు నడిచి ఉయ్యాల్లో వేశాడు. వేశాక కూడా వెంటనే చెయ్యి తియ్యలేదు.

భోజనాలయ్యాక మరిది గారు నా పక్కన కుర్చీ వేసుకుని, "మీరు పొడుం మానేసిన కథ బాగుంటుందటగా మేడమ్ గారూ, చెప్పండి" అన్నాడు. అడిగితే ఆగే మనిషిని కాను. చుట్టూ పదిహేను మంది చేరారు (మా ఆయన ఏడుగురంటాడు). కోటిపల్లి రేవు, పంటు, డబ్బా, పులస, తుమ్ము. ఈసారి తుమ్ముకి సరంగు గారి తలపాగా కూడా ఎగిరిపోయింది.

"అంతే నాయనా" అన్నాను. "ఆ రోజుతో..."

ఉయ్యాల దగ్గర నుంచి, తాడు ఊపడం ఆపకుండా, కుర్రాడు అన్నాడు: "అవతలి ఒడ్డున కిళ్లీ కొట్లో ఏం కొన్నారో కూడా చెప్పండి మేడమ్ గారూ. దీనికి అదీ తెలియాలి."

అందరూ నా వంక తిరిగారు. మా ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను మంచినీళ్లు తాగి, కిళ్లీ కొట్టు దగ్గర నుంచి మళ్లీ మొదలెట్టాను.